కోలోరెక్టల్ సర్జన్ అయ్యి టీచింగ్‌లోనే ఉండాలంటే: హౌస్ సర్జన్సీ నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ దాకా ఏది ముందు, ఏది తర్వాత

కౌన్సెలింగ్ మొదలైతే చాలు నా ఫోన్‌లో ఒకటే రకం మెసేజ్‌లు. "అన్నా, కోలోరెక్టల్ చేయాలంటే ఏ సీటు పెట్టుకోవాలి?" "సార్, ఎంసీహెచ్ గ్యాస్ట్రో చేస్తే సరిపోతుందా, మళ్లీ ఫెలోషిప్ కావాలా?" "ప్రైవేట్ ప్రాక్టీస్ వద్దు, కాలేజీలోనే ఉండాలని ఉంది, కుదురుతుందా?" ఒక్కొక్కళ్లకీ విడివిడిగా వాయిస్ నోట్లు పెట్టి పెట్టి గొంతు పోయింది, అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నా. కోలోరెక్టల్ అంటే పెద్దపేగు, పురీషనాళం (రెక్టమ్), మలద్వారం జబ్బుల సర్జరీ. ఈ రాత మన దగ్గర, అంటే ఇండియాలో ఎంబీబీఎస్ చేసి ఇక్కడే ఉండాలనుకునేవాళ్ల కోసం. అమెరికా సంగతి చివర్లో కొంచెం చెప్తా.

## 1. ముందు కాలం లెక్క వేసుకోండి

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఒక ఏడాది, ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్లు, ఎంసీహెచ్ (ఎంఎస్ పైన సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) మూడేళ్లు, ఆ పైన ఫెలోషిప్ ఒక ఏడాది. పన్నెండున్నర. ఇందులో లాంగ్ టర్మ్ కోచింగ్ ఏడాదీ, బాండ్ సర్వీసూ, కౌన్సెలింగ్ లేటయ్యి ఖాళీగా కూర్చున్న నెలలూ ఏవీ కలపలేదు, కలిపితే మీ వయసు ముప్పై నాలుగు ముప్పై ఐదు వచ్చేస్తుంది. ఈ లెక్క ఇంట్లోవాళ్లకి కూడా ఇప్పుడే చెప్పేయండి, లేకపోతే ఎంఎస్ అవ్వగానే "ఇంకా చదువేంట్రా" అని మొదలవుతుంది.

ఇంకోటి కూడా చెప్పేయండి. మిమ్మల్ని చుట్టాలందరూ "మొలల డాక్టర్" అనే పిలుస్తారు. పెళ్లిచూపుల్లో కూడా. అలవాటైపోతుంది.

## 2. హౌస్ సర్జన్సీలో చేయాల్సింది ఒక్కటే: వేలు పెట్టి చూడటం

రక్తం పడుతోందని ఓపీకి వచ్చిన ప్రతి మనిషికీ మొలలు అని రాసి క్రీము ఇచ్చి పంపేయడం మన ఊళ్లలో ఎంత మామూలో మీకు తెలుసు. ఆరు నెలలు, ఏడాది అలా తిరిగి తిరిగి చివరికి రెక్టల్ క్యాన్సర్ అని తేలినవాళ్లు ప్రతి యూనిట్‌లోనూ ఉంటారు. వాళ్లలో చాలామందికి గడ్డ వేలికి తగిలేంత దగ్గర్లోనే ఉంటుంది.

కాబట్టి ఇంటర్న్‌షిప్‌లోనే ఈ వరస చేతికి ఎక్కించుకోండి.

- పేషెంట్‌కి ఏం చేయబోతున్నారో తెలుగులో చెప్పండి, చెప్పకుండా "పక్కకి తిరుగు" అనొద్దు
- తలుపు మూయండి, ఆడవాళ్లయితే సిస్టర్‌నో ఆడ అటెండర్‌నో పక్కన ఉంచుకోండి
- ఎడమ పక్కకి పడుకోబెట్టి మోకాళ్లు కడుపు దగ్గరికి ముడిపించండి
- ముందు చూడండి, తర్వాత జెల్లీ రాసి వేలు, ఆ తర్వాతే ప్రోక్టోస్కోప్ (లోపల చూసే చిన్న గొట్టం). ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) ఉండి నొప్పితో వణికిపోతుంటే ఆరోజు ఆపేయండి, కానీ మళ్లీ ఎప్పుడు చూస్తారో రాసి పెట్టండి
- గ్లవ్ బయటికి తీశాక దాని మీద రక్తముందా, బంక ఉందా చూడండి
- కేస్ షీట్‌లో "నార్మల్" అని ఒక్క ముక్క రాయకుండా గోడలన్నీ తడిమారా, గడ్డ ఉంటే ఎంత దూరంలో, కదులుతోందా, బిగుసుకుపోయి ఉందా రాయండి

ఎంఎస్‌లోకి వచ్చిన రోజే మీ చీఫ్ ఈ రాత చూసి మీరెవరో తేల్చుకుంటారు.

## 3. ఎంఎస్ సీటు: కాలేజీ పేరు కన్నా యూనిట్ చూడండి

వెబ్ ఆప్షన్స్ పెట్టేముందు అందరూ పోయినేడాది ర్యాంకుల లిస్ట్ ముందేసుకుని కూర్చుంటారు. నేనైతే అక్కడ సెకండ్ ఇయర్, థర్డ్ ఇయర్ పీజీలు ఇద్దరికి ఫోన్ చేయమంటా. ఫస్ట్ ఇయర్ వాళ్లని అడగొద్దు పాపం, వాళ్లకి నిద్ర తప్ప ఇంకేం గుర్తుండదు.

వాళ్లని ఇవి అడగండి:

- సర్జికల్ గ్యాస్ట్రో డిపార్ట్‌మెంట్ ఉందా, మనకి అక్కడ పోస్టింగ్ ఎన్ని వారాలు
- ఫిస్టులా (మలద్వారం లోపలి నుంచి చర్మానికి పడిన దారి), పెరియానల్ ఆబ్సెస్ (మలద్వారం పక్కన చీముగడ్డ) పీజీలే చేస్తారా, అసిస్టెంట్ సార్లు చేస్తారా
- పేగు పగిలి రాత్రి వచ్చిన కేస్‌లో పీజీ చేతికి ఏ స్టెప్ దాకా వస్తుంది
- కోలనోస్కోపీ ఎవరి చేతిలో ఉంది
- పాథాలజీ రిపోర్ట్‌లో లింఫ్ నోడ్స్ లెక్క, మార్జిన్ సరిగ్గా రాస్తారా

చివరి ప్రశ్న వింతగా అనిపిస్తుంది, కానీ రెక్టల్ క్యాన్సర్ ఆపరేషన్ బాగా జరిగిందో లేదో చెప్పేది ఆ కాగితమే. కనీసం 12 నోడ్స్ చూడాలి, చుట్టూ ఉన్న మార్జిన్ 1 మిల్లీమీటర్ కన్నా ఎక్కువ ఉందో లేదో రాయాలి. అవి రాయని చోట మూడేళ్లు ఉంటే మీ పని మీకే తెలియకుండా పోతుంది.

డీఎన్‌బీ (ఎంఎస్‌కి సమానమైన నేషనల్ బోర్డ్ డిగ్రీ) తక్కువ, ఎంఎస్ ఎక్కువ అనే మాట వదిలేయండి. ప్రభుత్వ కాలేజీలో ఎమర్జెన్సీలు చేతికొస్తాయి, పెద్ద ప్రైవేట్‌లో లాపరోస్కోపీ, ఎంఆర్‌ఐ, ట్యూమర్ బోర్డ్ చూస్తారు. టీచింగ్‌కి వెళ్లాలనుకుంటే నా ఓటు మాత్రం పెద్ద గవర్నమెంట్ హాస్పిటల్‌కే. చేయి అక్కడే తిరుగుతుంది. లాపరోస్కోపీ తర్వాత ఎక్కడైనా నేర్చుకోవచ్చు.

## 4. ఎంఎస్ మూడేళ్లు: ఏది ఎప్పుడు

మొదటి ఏడాది. వార్డు, డ్రెస్సింగులు, రాత్రి డ్యూటీలు, థీసిస్ సినాప్సిస్. ఆపరేషన్లలో ఆబ్సెస్‌లు. పెరియానల్ ఆబ్సెస్‌ని చిన్న కేసనుకుని చిన్న కోత పెట్టి వదిలేస్తే మూడు రోజులకి మళ్లీ వస్తాడు, కాబట్టి కోత సరిపడా పెట్టండి, లోపల గదులేమైనా ఉన్నాయేమో వేలితో చూడండి, ఆరోజే ఫిస్టులా ట్రాక్ కోసం ప్రోబ్ పెట్టి పొడవొద్దు. వాచిపోయిన కండలో లేని దారి మీరే వేసేస్తారు.

రెండో ఏడాది. మొలలు, ఫిషర్, సింపుల్ ఫిస్టులా, స్టోమా (పేగుని పొట్ట మీదికి తెరిచే దారి) వేయడం, స్టోమా మూయడం. డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ మూడు నెలలు ఎక్కువగా ఇప్పుడే పడుతుంది, దాన్ని సెలవులా చూడకండి. ఏరియా ఆస్పత్రిలో మీరే పెద్ద దిక్కు అయిన రాత్రి నేర్చుకున్నది ఎక్కడా దొరకదు.

మూడో ఏడాది. పెద్దపేగు కేసులు: రైట్ హెమీకోలెక్టమీ, సిగ్మాయిడ్ వాల్వులస్, హార్ట్‌మన్. లో రెక్టల్ కేసుల్లో మీ స్థానం ఎక్కువగా పేషెంట్ కాళ్ల మధ్య ఉంటుంది, పేగు కలిపే స్టేప్లర్ కింద నుంచి ఎక్కించడానికి. చాలామంది దాన్ని అవమానంలా ఫీలవుతారు. నేను మాత్రం ఆ స్టూల్ మీద కూర్చునే సగం నేర్చుకున్నా. మెల్లగా జెల్లీతో వెడల్పు చేసి, ఎముక వంపు ఎటు తిరిగితే స్టేప్లర్‌ని అటే తిప్పుతూ పైకి పంపాలి, పైన సార్ "ఆపు" అనగానే ఆపాలి. ఫైర్ చేసి బయటికి తీశాక దాంట్లోంచి రెండు డోనట్స్ (కోసిన పేగు రింగులు) వస్తాయి, ఆ రెండూ చుట్టూ పూర్తిగా ఉన్నాయా, ఎక్కడైనా తెగాయా, సైడ్ టేబుల్ మీద పెట్టి మీ కళ్లతో చూసి గట్టిగా చెప్పండి. ఆ తర్వాత లీక్ టెస్ట్: పైన పేగు నొక్కి పట్టి, పెల్విస్‌లో సెలైన్ నింపి, కింద నుంచి గాలి పంపిస్తే బుడగలు రాకూడదు. వస్తే ఎవరి ఇగో చూసుకోకుండా చెప్పాలి.

## 5. స్టోమా మార్కింగ్: నేను చేసిన తప్పు

ఇది విడిగా రాస్తున్నా ఎందుకంటే దీని మీద ఎవరూ క్లాస్ తీసుకోరు.

సెకండ్ ఇయర్‌లో ఒక మామ్మకి రెక్టల్ క్యాన్సర్, మలద్వారం మొత్తం తీసేసి పర్మనెంట్ కోలోస్టమీ. మార్కింగ్, అంటే స్టోమా ఎక్కడ రావాలో ముందే చుక్క పెట్టడం, నా పని. పొద్దున్నే థియేటర్ బల్ల మీద పడుకోబెట్టాక చుక్క పెట్టేశా, పడుకున్నప్పుడు పొట్ట చక్కగా పలకలా ఉంది. ఐదో రోజు ఆవిడ లేచి కూర్చుంటే పొట్ట మడత స్టోమాని మింగేసింది. సంచి అంటుకోదు, అంటుకున్నా గంటకి ఊడుతుంది, కింద చర్మమంతా పుండు. ఆవిడ నన్నేమీ తిట్టలేదు. "బాబూ, ఇది కుచ్చిళ్లు దోపుకునే కాడికే వచ్చింది, చీర ఎట్టా కట్టుకోను?" అంది అంతే. డిశ్చార్జ్ అయ్యేదాకా రోజూ నేనే సంచి మార్చా.

అప్పటి నుంచి నా వరస ఇది:

- ఆపరేషన్ ముందురోజు సాయంత్రం, వార్డులోనే
- ఆవిడ రోజూ కట్టే చీర, ఆయన రోజూ కట్టే లుంగీ కట్టుకునే రమ్మనండి, నడుం కట్టు ఎక్కడ పడుతుందో గీయండి
- పడుకోబెట్టి, కూర్చోబెట్టి, ముందుకి వంచి, నిలబెట్టి నాలుగు రకాలుగా చూడండి
- రెక్టస్ కండ లోపలే ఉండాలి. బొడ్డు, పక్కటెముక, పాత కోత, తుంటి ఎముక, మడత, వీటన్నిటికీ దూరంగా
- పేషెంట్ తల వంచి తన కళ్లతో చూసుకోగలగాలి, పొట్ట పెద్దదైతే చుక్క కొంచెం పైకి జరుగుతుంది
- రెండు చోట్ల పెట్టండి, ఒకటి కుదరకపోతే రెండోది
- చెరగని మార్కర్‌తో పెట్టి పైన పారదర్శక డ్రెస్సింగ్ అంటించండి, లేకపోతే థియేటర్‌లో స్క్రబ్ చేసేటప్పుడు చెరిగిపోతుంది
- సంచి ఒకటి అంటించి రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది, సంచితో బతకడం ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది

## 6. రిజిస్టర్: అకడమిక్ అంటే అసలు ఇదే

చాలామంది అకడమిక్ అంటే పేపర్లు, కాన్ఫరెన్సులు, స్లైడ్లు అనుకుంటారు. నా దృష్టిలో మీరు చేసిన ఆపరేషన్ ఏమైందో ఏడాది తర్వాత మీకు తెలిస్తే మీరు అకడమిక్, తెలియకపోతే ఎన్ని పేపర్లున్నా కాదు. మన దగ్గర పేషెంట్ డిశ్చార్జ్ అయ్యాక మాయమైపోతాడు, ఆరోగ్యశ్రీ ఫాలోఅప్ మందులకి వస్తాడేమో, ఆ తర్వాత ఊరెళ్లిపోతాడు. లీక్ అయ్యి వేరే ఆస్పత్రిలో చేరినా మీకు తెలీదు, మీరు మాత్రం "మా దగ్గర లీకులు లేవు" అని చెప్పుకు తిరుగుతారు.

ఎంఎస్ మొదటి రోజు నుంచే ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకోండి. కాలమ్స్ ఎక్కువైతే నింపరు, నా షీట్‌లో ఇంతే:

- కోడ్ నంబర్ (పేరు, ఐపీ నంబర్, ఫోన్లు విడిగా డిపార్ట్‌మెంట్ లాకర్‌లో ఉండే నోట్‌బుక్‌లో)
- ఫోన్ నంబర్లు రెండు తీసుకున్నానా లేదా. పేషెంట్‌ది ఒకటి, కొడుకుదో పక్కింటివాళ్లదో ఇంకోటి, ఎందుకంటే మొదటిది ఆరు నెలల్లో స్విచ్ ఆఫ్ అవుతుంది
- ఏం ఆపరేషన్, ఎమర్జెన్సీయా ఎలెక్టివా, స్టోమా ఉందా
- నేనేం చేశా: చూశా, అసిస్ట్ చేశా, సార్ పక్కనుండగా చేశా, ఒంటరిగా చేశా
- 30 రోజుల్లో ఏం కాంప్లికేషన్, క్లేవియన్ డిండో గ్రేడ్ (కాంప్లికేషన్ తీవ్రత చెప్పే స్కేల్) ఎంత
- పాథాలజీ: స్టేజ్, నోడ్స్, మార్జిన్
- ఆరు నెలలకి, ఏడాదికి ఎలా ఉన్నారు, స్టోమా మూశారా

ముప్పయ్యో రోజున ఫోన్ చేయడం అసలు కష్టం. ఫోన్ క్యాలెండర్‌లో డిశ్చార్జ్ రోజే రిమైండర్ పెట్టేయండి. ఆదివారం పొద్దున పది నుంచి పదకొండు మధ్య చేస్తే ఎత్తుతారు. "మోషన్ కంట్రోల్ అవుతోందా, రాత్రి లేవాల్సి వస్తోందా, పనికి వెళ్తున్నారా" ఈ మూడూ అడగండి. ఫోటోలు, పేర్లు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిప్పొద్దు, ఆ అలవాటు మనవాళ్లకి బాగా ఎక్కువ. షీట్‌లోంచి పేపర్ రాయాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి.

## 7. థీసిస్‌లో మునిగిపోయేవాళ్ల కోసం

తప్పు: "రోబోటిక్ వర్సెస్ లాపరోస్కోపిక్ రెక్టల్ సర్జరీ" అని పెట్టడం, ఆ కాలేజీలో రోబోనే ఉండదు. సరిదిద్దడం: ముందు మీ యూనిట్ ఆపరేషన్ రిజిస్టర్ తీసి పోయినేడాది ఆ కేసులు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి, అందులో సగం మాత్రమే మీకు దొరుకుతాయనుకుని టాపిక్ పెట్టండి. స్టోమా కాంప్లికేషన్లు, ఎమర్జెన్సీ పేగు ఆపరేషన్ల తర్వాత గాయం చీము పట్టడం, ఫిస్టులా తిరగబెట్టడం, ఇవి ఎక్కడైనా దొరికే కేసులు.

తప్పు: ట్రయల్ మొదలుపెట్టాక సీటీఆర్‌ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ గుర్తురావడం. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందు చేసిన రిజిస్ట్రేషనే తీసుకుంటున్నారు, వెనక్కి వెళ్లి చేయడం కుదరదు.

తప్పు: డబ్బు కట్టించుకుని వారంలో ఏదైనా అచ్చేసే జర్నల్‌కి ఇవ్వడం. "డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్" అని ఫస్ట్ ఇయర్ పీజీకి మెయిల్ వచ్చిందంటే అర్థం చేసుకోండి. అది ఏ డేటాబేస్‌లో ఇండెక్స్ అయిందో లైబ్రేరియన్‌ని అడిగి, ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) ఆ డేటాబేస్‌ని ఒప్పుకుంటుందో లేదో చూసి అప్పుడు పంపండి.

ఇంకో దారి, మన పీజీలు పెద్దగా వాడుకోనిది: గ్లోబల్‌సర్జ్ లాంటి అంతర్జాతీయ స్టడీల్లో మీ యూనిట్‌ని చేర్చడం. వాళ్ల ప్రోటోకాల్ ప్రకారం కొన్ని వారాల కేసులు ఎక్కిస్తే సహకరించినవాళ్ల లిస్టులో మీ పేరు పడుతుంది. పేరు కన్నా డేటా శుభ్రంగా పెట్టడం ఎలాగో వస్తుంది, అది ముఖ్యం.

## 8. ఎంసీహెచ్: గ్యాస్ట్రోనా, ఆంకోనా

ఎంసీహెచ్ ఎంట్రన్స్ అయిన నీట్ ఎస్ఎస్‌లో జనరల్ సర్జరీ వాళ్లందరికీ ఒకే గ్రూప్ పేపర్, అంటే యూరాలజీ, ప్లాస్టిక్ కావాలనుకునేవాళ్లతో కలిసే పోటీ. ఎయిమ్స్, పీజీఐ, జిప్మర్ లాంటివాటికి ఐఎన్‌ఐ ఎస్ఎస్ వేరేగా ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు.

ఎక్కువమంది వెళ్లే దారులు రెండు.

సర్జికల్ గ్యాస్ట్రోలో కోలోరెక్టల్ ఒక ముక్క. లివర్, పాంక్రియాస్, ట్రాన్స్‌ప్లాంట్ బరువెక్కువ ఉన్న చోట పెద్దపేగు కేసులు జూనియర్ల వాటా. క్యాన్సర్ కాని జబ్బులు, అల్సరేటివ్ కోలైటిస్ పౌచ్‌లు, క్రోన్స్ మాత్రం ఇక్కడే బాగా చూస్తారు.

సర్జికల్ ఆంకాలజీలో రెక్టల్ క్యాన్సర్ ఎక్కువ, రేడియేషన్ వాళ్లతో కలిసి నిర్ణయాలు తీసుకోవడం వస్తుంది, కానీ ఫిస్టులా, ప్రొలాప్స్ (పేగు బయటికి జారడం), ఇన్‌కాంటినెన్స్ (మోషన్ ఆగకపోవడం) దాదాపు కనిపించవు. తల, మెడ, బ్రెస్ట్ కేసులతోనే సగం కాలం పోతుంది.

మీకు క్యాన్సర్ మాత్రమే కావాలంటే ఆంకో. మొత్తం కోలోరెక్టల్ కావాలంటే గ్యాస్ట్రో, ఆ పైన ఫెలోషిప్. ర్యాంక్ రాకపోతే ఎస్ఆర్ (సీనియర్ రెసిడెంట్)గా ఏదైనా గ్యాస్ట్రో డిపార్ట్‌మెంట్‌లో చేరి మళ్లీ రాయండి, ఇంట్లో కూర్చుని చదవొద్దు, చేయి ఆగిపోతుంది. సీటు తీసుకునే ముందు ఆ రాష్ట్రం బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి, లేటెస్ట్ జీవో తెప్పించుకుని చదవండి, సీనియర్ చెప్పిన నంబర్ నమ్మకండి, అవి మారుతూనే ఉంటాయి.

## 9. ఫెలోషిప్ ఎంచుకునేటప్పుడు

వెల్లూరు సీఎంసీలో కోలోరెక్టల్ విడి డిపార్ట్‌మెంట్‌గానే ఉంది, ముంబై టాటా మెమోరియల్‌లో కోలోరెక్టల్ టీమ్ వేరేగా పనిచేస్తుంది. ఇలాంటి చోట్లకి ముందు రెండు వారాలు అబ్జర్వర్‌గా వెళ్లి చూసి రండి. వాళ్లని మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది (లో యాంటీరియర్ రిసెక్షన్ అంటే రెక్టమ్ కోసి పేగు మళ్లీ కలిపే ఆపరేషన్): "పోయినేడాది ఫెలో తన చేత్తో ఎన్ని లో యాంటీరియర్ రిసెక్షన్లు చేశాడు?" జవాబు తిప్పి తిప్పి చెప్తే మీరు ఏడాదంతా కెమెరా పట్టుకుంటారని అర్థం. రోబో ఫోటో పెట్టిన ప్రకటనలకి ఈ ప్రశ్న రెండుసార్లు అడగండి.

ఎంఆర్‌ఐ చదవడం, కోలనోస్కోపీ, ఎండోఅనల్ అల్ట్రాసౌండ్, మానోమెట్రీ (మలద్వారం కండ ఒత్తిడి కొలవడం), ఈ నాలుగింట్లో కనీసం రెండు చేతికి రావాలి. కాలేజీకి తిరిగొచ్చాక మిమ్మల్ని మిగతా సర్జన్ల నుంచి వేరు చేసేవి ఇవే.

## 10. అమెరికా అనుకునేవాళ్లకి

క్లుప్తంగా. ఇక్కడి ఎంఎస్ అక్కడ రెసిడెన్సీని తగ్గించదు. యూఎస్ఎంఎల్ఈ (అక్కడి లైసెన్స్ పరీక్ష, స్టెప్ 1, 2, 3) రాసి, బయటి దేశాల్లో చదివినవాళ్లకి ఇచ్చే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికేట్ తెచ్చుకుని, ఐదేళ్ల జనరల్ సర్జరీ మళ్లీ మొదటి నుంచి, తర్వాత కోలోరెక్టల్ ఒక ఏడాది. ముందు జనరల్ సర్జరీ బోర్డ్ పాసవ్వాలి, ఆ తర్వాత కోలోరెక్టల్ బోర్డ్‌లో రాత పరీక్ష, ఓరల్ పరీక్ష.

మనవాళ్లు దెబ్బతినేది కోలోరెక్టల్ దగ్గర కాదు, మొదటి మెట్టు దగ్గరే. ప్రిలిమినరీ సీటు ఒక ఏడాదిదే, దాని తర్వాత గ్యారంటీ లేదు, కేటగారికల్ సీటే ఐదేళ్లకి. ఈ తేడా తెలియకుండా సంబరపడి వెళ్లినవాళ్లని చూశా. స్టెప్ 1 2022 జనవరి నుంచి పాస్, ఫెయిల్ మాత్రమే కాబట్టి బరువంతా స్టెప్ 2 స్కోర్, రీసెర్చ్, అక్కడి సర్జన్లు ఇచ్చే లెటర్ల మీద పడింది. వీసా కూడా ముందే ఆలోచించుకోండి: జే1 అయితే ట్రైనింగ్ అయ్యాక రెండేళ్లు వెనక్కి రావడమో వేవర్ తెచ్చుకోవడమో తప్పదు, హెచ్1బీ కావాలంటే స్టెప్ 3 ముందే రాసుండాలి.

## 11. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా మొదటి ఏడాది

జనరల్ సర్జరీ వైపు పోస్టుకైతే ఎంఎస్ తర్వాత ఏడాది ఎస్ఆర్ చేసుండాలి, సూపర్ స్పెషాలిటీ వైపుకైతే ఎంసీహెచ్. రీసెర్చ్ కోర్స్ బీసీబీఆర్, టీచింగ్ కోర్స్ బీసీఎంఈటీ పూర్తి చేసి సర్టిఫికేట్లు స్కాన్ చేసి పెట్టుకోండి, ప్రమోషన్ ఫైల్ ఇవి లేకే ఆగుతుంది.

చేరగానే కోలోరెక్టల్ యూనిట్ ఇవ్వరు. అడగొద్దు కూడా. అడగాల్సింది వారానికి ఒక మధ్యాహ్నం ఓపీ గది. మంగళవారమో గురువారమో, ఎవరికీ పనికిరాని గదైనా పర్లేదు. మిగతా యూనిట్ల వాళ్లకి తలనొప్పిగా ఉండే తిరగబెట్టిన ఫిస్టులాలు, స్టోమా సమస్యలు "నా ఓపీకి పంపండి సార్" అనండి, సంతోషంగా పంపిస్తారు. కేసులు అలా పోగవుతాయి.

ఆ గదిలో ఉండాల్సినవి:

- తలుపుకి లోపల గడియ, కర్టెన్
- ప్రోక్టోస్కోపులు పదైనా, శుభ్రం చేసే ఏర్పాటు
- మంచి లైట్, ఫోన్ టార్చ్ కాదు
- బయాప్సీ ఫోర్సెప్స్, ఫార్మలిన్ సీసాలు
- రెండు మూడు రకాల స్టోమా సంచులు, పేస్ట్, పౌడర్
- స్టోమా సంచి మార్చడం నేర్పించగల సిస్టర్ ఒకరు. లేకపోతే ఆసక్తి ఉన్న ఒకరిని మీరే నేర్పి తయారుచేసుకోండి, బదిలీ అయిపోతే మళ్లీ ఇంకొకరిని
- పాత స్టోమా పేషెంట్ ఒకరి ఫోన్ నంబర్, ఆయన ఒప్పుకుంటేనే. కొత్తవాళ్లకి మీ అరగంట ఉపన్యాసం కన్నా ఆయనతో ఐదు నిమిషాలు ఎక్కువ పనిచేస్తుంది

రిజిస్టర్ ఇక్కడికి కూడా తెచ్చుకోండి. ఇప్పుడు నింపేది మీ పీజీలు, ఆదివారం ఫోన్లలో సగం మాత్రం మీరే చేయండి.